లాడం ఉంగరం, ఇనుప మేకు

"కళ్ళు మూసుకొని రీడింగ్ రాస్తాండావా ఏంది?"

నెట్టికంటప్ప అరుపుకు ఫిజిక్స్ ల్యాబ్‌లో అందరూ తలలెత్తారు. శివపార్వతి మాత్రం ఎత్తలేదు. మాగ్నెటోమీటర్ పెట్టెలోని ముల్లునే చూస్తూ, "నలభై ఒకటి," అంది.

"నలభై ఆరు!"

"మీరు చూస్తే నలభై ఆరు. నేను చూస్తే నలభై ఒకటి. లేనిది రాయడం నాకు అలవాటు లేదండీ."

"అంటే నేను అబద్దం చెప్తాండానా?"

"ఆ మాట నేననలేదు. మీరే అన్నారు."

వెనక బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. నెట్టికంటప్ప చెవులు ఎర్రబడ్డాయి.

అది 1962. ఇద్దరిదీ బళ్ళారిలో బి.ఎస్‌సి. ఆఖరి సంవత్సరం. క్లాసులో ఆమె ఒక్కతే ఆడపిల్ల. పక్కపక్క నంబర్లు కావడంతో ఇద్దరికీ ఒకే బల్ల పడింది. అప్పటి నుంచీ ఇదే గొడవ. అతని ఊరు మోక. ఆమెది కంప్లి దగ్గర క్యాంపు. డ్యామ్ కట్టాక గుంటూరు వైపు నుంచి వచ్చి మాగాణి చేసుకుంటున్న వాళ్ళ ఊళ్ళను అక్కడ అలాగే పిలుస్తారు.

"కాలవ నీళ్ళన్నీ పైన మీరే మలుపుకుంటిరి. చివర మా మోకకు వచ్చేది బురద. ఇప్పుడీ బల్ల గూడా మీదేనా?"

"నీళ్ళ సంగతి మా నాన్నను అడగండి. ముల్లు సంగతి అయితే నన్నడగండి."

ఇంతలో డెమాన్‌స్ట్రేటర్ వచ్చి రెండు అంకెలూ చూసి, పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "రెండూ కలిస్తేనే సంతకం. సోమవారం నుంచి ల్యాబ్ ఉండదు. సంతకం లేకపోతే యూనివర్సిటీ పరీక్షా ఉండదు," అని వెళ్ళిపోయాడు.

ఒక్క పరీక్ష తప్పినా చదువు చాలించి పెళ్ళి అని శివపార్వతి తండ్రి కోటిలింగం మొదటి సంవత్సరమే షరతు పెట్టాడు. తెనాలిలో సంబంధం కూడా చూసి ఉంచాడు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

"మళ్ళీ చూడండి."

"ఎన్నిసార్లు చూడాల?"

"కలిసేదాకా!"

అతను విసుక్కుంటూ వంగాడు. ఈసారి ఆమె ముల్లును కాదు, అతని చేతిని చూసింది. చెయ్యి పెట్టె పక్కకు రాగానే ముల్లు వణికింది.

"చెయ్యి వెనక్కి తీయండి."

"ఎందుకు?"

"తీయండీ!"

ఆమె అరవగలదని క్లాసుకు అప్పుడే తెలిసింది. నెట్టికంటప్ప చటుక్కున చెయ్యి లాక్కున్నాడు. ముల్లు వెనక్కి జరిగింది. అతని నడిమి వేలికి నల్లటి ఉంగరం.

"ఇనుమా అది?"

"గుర్రపు లాడం. నాకు శని జరుగుతాందని మా అవ్వ తొడిగింది. తియ్యనని ఆమె తలమీద ఒట్టేసినా."

"మూడేళ్ళు ఫిజిక్స్ చదివి, అయస్కాంతం పక్కన ఇనుము పెట్టుకుని కూర్చుని, నన్ను కళ్ళు లేనిదాన్నంటారా?"

అతను కణుపు దగ్గర పట్టేసిన ఉంగరాన్ని మెలితిప్పి లాగి, కిటికీ గట్టు మీద పెట్టాడు. చర్మం గీరుకుపోయింది. మళ్ళీ వంగి చూశాడు. "నలభై మూడు. ఇప్పుడు నువ్వు చూడు."

ఆమె వంగింది. ముల్లు పక్కకు జారింది.

నెట్టికంటప్ప గొంతు తగ్గించాడు. "నువ్వొచ్చినా పోతాండాది. నీ దగ్గరేముండాదో చూసుకో."

"నావి గాజు గాజులే!" అంటూనే ఆమె చెయ్యి నడుము దగ్గర దోపుకున్న కొంగు ముడి మీదికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

ఇనుప మేకు. ఒంటరిగా బస్సెక్కే పిల్లకు గాలీ ధూళీ సోకకూడదని తల్లి సుబ్బమ్మ వారంవారం కట్టి పంపే మేకు. ఏనాడో అలవాటై, ఉన్న సంగతే మరిచిపోయింది. గోడవైపు తిరిగి విప్పి, ఉంగరం పక్కన పెట్టింది. ముఖం కాలిపోతోంది.

"తిట్టండి. మీ వంతు."

"తిట్టాలనే ఉండాది. నోరు రాల్యా."

ఇద్దరూ చూశారు. నలభై మూడు. సంతకం పడింది. అటెండరు తాళాలు గలగలలాడిస్తున్నాడు. ఆమె గట్టు మీది ఇనుమంతా గుప్పిట్లోకి తీసుకుని కంప్లి బస్సు కోసం పరుగెత్తింది.

*

చదువుకునే సెలవుల్లో ఒక మధ్యాహ్నం, శివపార్వతి ఇంటి వాకిట్లో ఒక ముసలామె వచ్చి నిలబడింది. మోకాలికి గుడ్డ కట్టుకుని, కుంటుకుంటూ ఆమె వెనక నెట్టికంటప్ప.

"శివపార్వతంటే ఎవరమ్మా? మా పిల్లోడు ఉంగరం తీసి సైకిల్ మీద నుంచి పడినాడు. వాని శని ఆ పాప దగ్గర ఉండాదంట," అంది అతని అవ్వ దుర్గక్క.

"ఎవరి శని ఎవరి దగ్గరుందీ?" సుబ్బమ్మ చేట పట్టుకునే బయటికొచ్చింది.

సంగతి బయటపడేసరికి కోపాలు దారి మళ్ళాయి.

"నేను కట్టిన మేకు విప్పావా, ఆ అబ్బాయి ముందు?"

"నా తలమీద ఒట్టేసి, తీసి గట్టుమీద పెడితివా?"

"అది కాదమ్మా, ఇనుముంటే ముల్లు తిరుగుతుంది..."

"తిరిగితే తిరగనీ!" అన్నారు పెద్దాళ్ళిద్దరూ ఒక్కసారే. అని, ఒకరినొకరు చూసుకున్నారు. సుబ్బమ్మ మజ్జిగ తెచ్చింది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని, పిల్లల్ని చెడగొట్టే ఆ చదువును తిట్టడం మొదలుపెట్టారు.

"నువ్వు ఉంగరం తీసుకపోతాంటే చూసినా. పిలవల్య," అన్నాడు నెట్టికంటప్ప గడ్డివాము పక్క నుంచి.

"నేనూ చూసే తీసుకున్నాను."

"ఎందుకు?"

"కోపం. నా రీడింగ్ తప్పని క్లాసంతా వినేలా అరిచారు. నిజంగా నా తప్పు దొరికినప్పుడు నాకొక్కదానికే వినబడేలా చెప్పారు. దానికి ఇంకా కోపమొచ్చింది."

దుర్గక్క కేకేసింది. శివపార్వతి వెళ్ళి కొంగు ముడి విప్పింది. ఉంగరం, మేకు రెండూ ఒకే ముడిలో ఉన్నాయి. దుర్గక్క వాటినీ, ఆ పిల్లనీ, మనవడినీ చూసింది. మేకు తీసి తన కొంగుకు కట్టుకుంది.

"ఇది నేను తీసుకపోతా. పరీక్షలైనంక ఆ ఉంగరం నువ్వే తెచ్చి వాని ఏలికి తొడుగు. ఏమంటావమ్మా?"

సుబ్బమ్మ చేట అందుకుని బియ్యం చెరిగింది. "ముందు పాసవనీండి. వాళ్ళ నాన్నతో, ఆ తెనాలి వాళ్ళతో నేను మాట్లాడుకుంటాను."

"అవ్వా, అంతవరకూ నా శని?" అన్నాడు నెట్టికంటప్ప.

శివపార్వతి ఉంగరాన్ని కొంగున ముడేసి, గట్టిగా బిగించింది.

"నా దగ్గరే ఉంటాడు. మీరు వెళ్ళి చదువుకోండి!"