కరెంటు పేరయ్య

కరెంటు గురించి నాకు తెలియనిది కరెంటుకు కూడా తెలియదు. కాబట్టి ఈ కథను ధైర్యంగా నమ్మవచ్చు.

అది రెండువేల తొంభైల కాలం. సముద్రం ముందుకు జరిగి పాత రేవుల్ని మింగేశాక, భీమిలికి ఆవల నీళ్ళ మీద తేలే సాగరపేట వెలిసింది. అక్కడ కరెంటు అమ్మడానికి కంపెనీయే కానక్కర్లేదు. కప్పు మీద ఎండను కరెంటుగా మార్చే సూర్యపొర పరచుకున్న ప్రతివాడూ అమ్మకందారే. అలల కరెంటు, గాలి కరెంటు, పొరుగింటి కప్పు కరెంటు అన్నీ ఒకే ఉమ్మడి తీగలో కలుస్తాయి. ఫ్యాక్టరీలు వదిలే వేడి కూడా అలాగే ఉమ్మడి గొట్టంలో పారి, కావలసినవాళ్ళకు చేరుతుంది.

ఏ వ్యాపారానికి ఎవరి సరఫరా నప్పుతుందో తేల్చడానికి హైమవతి అనే ఇంజనీరు ఒక యంత్రం కనిపెట్టింది. దాని పేరు శక్తిసంధాయిని, ఇంగ్లీషులో ఎనర్జీ మ్యాచర్. సంబంధాలు కుదిర్చే యంత్రం కనుక జనం దాన్ని కరెంటు పేరయ్య అన్నారు. ఏ మోటారు ఎప్పుడెంత తాగుతుందో, ఏ కప్పు ఎంత పిండుతుందో గమనించి అది జత కలుపుతుంది. ఎలా గమనిస్తుందని నన్నడగకండి, నాకు ఫ్యూజు వెయ్యడం కూడా రాదు. అమ్మేవాళ్ళ పేరు కొనేవాళ్ళకు, కొనేవాళ్ళ పేరు అమ్మేవాళ్ళకు మాత్రం అది చెప్పకూడదు. పేరు తెలిస్తే మనవాళ్ళు ధర చూడరు, చుట్టరికం చూస్తారు.

గరికిన నూకరాజుది ఐసు ఫ్యాక్టరీ, దాని మోటార్ల వేడిని ఉమ్మడి గొట్టంలోకి అమ్ముతాడు. ఎదురుగా ఎల్లాయమ్మ ఎండుచేపల షెడ్డు. ఆమె కూతురు నూకరాజు కోడలు. వియ్యాలవారి మధ్య పెట్టుపోతలుంటాయి గాని సాయం ఉండదు; పుచ్చుకున్నవాళ్ళ చెయ్యి జన్మంతా కిందే. ఎల్లాయమ్మ షెడ్డు మీద కొత్త సూర్యపొర వేయించినప్పటినుంచీ నూకరాజుకు అన్నం సహించడం లేదు.

"ఏటి చెల్లెమ్మా, నీ కప్పు మెరుపుకి మా కళ్ళు పోతన్నాయి."

"ఇటేపు సూడకండి అన్నయ్యగారూ. మీ ఐసు సూసుకోండి, కరిగిపోగల్దు."

"నా ఐసు కరగదు. పేరయ్య నాకు కుదిర్చినోడు మారాజు. అలాటోడు నీకు దొరకడు."

"నాకూ దొరికాడు, వేడి అమ్మేవోడు. ఎవరో పెద్దమడిసి. మీలాటోడు కాదు."

సూరచేపల పడవలు తిరిగొచ్చే రోజు వచ్చింది. సాయంత్రానికి ఐసు అందకపోతే పడవలన్నీ పక్క రేవుకు మళ్ళుతాయి. అలా మళ్ళినవి మళ్ళీ రావు, ఫ్యాక్టరీ మూసుకోవడమే.

ఆ ఉదయం ఎల్లాయమ్మ చాపలు పట్టుకుని కప్పెక్కింది. మిషనులో ఎండిన నెత్తళ్ళు అల్లుడి నోటికి నచ్చవు, ఎండలో ఎండాలి. సూర్యపొర మీద చాప పరచి నెత్తళ్ళు పోసింది. ఇటు నూకరాజు ఫ్యాక్టరీలో ఐసు మోటార్లు మూలిగాయి. రెండో చాప పరిచింది. మోటార్లు నీరసించాయి. నూకరాజు బయటికి పరుగెత్తాడు. కాకులు వాలాయని ఆమె చాపలు ఎత్తేసింది. మోటార్లు హుషారుగా లేచాయి.

నూకరాజు ఆ కప్పు వంక చూస్తూ నిలబడిపోయాడు. తర్వాత యంత్రం దగ్గరికి వెళ్ళాడు.

"పేరయ్యా, నాకు కరెంటిచ్చేదెవలు?"

"పేరు చెప్పకూడదండి."

"సెప్పకు. నెత్తళ్ళ వాసనొస్తంది. నా వేడి కొనేదీ ఆవిడేనా?"

"అదీ చెప్పకూడదండి."

"పోనీ, ఈ బేరంలో లాభం ఎవలికి?"

"ఇద్దరికీ. సమానంగా."

నూకరాజు ముఖం నల్లబడింది. తనకు లాభమన్న మాట సుఖంగానే దిగింది. ఆవిడకీ అన్న మాట ముల్లులా అడ్డంపడింది.

"తెంపీ."

"ఇప్పటికిప్పుడు వేరే సరఫరా దొరకదు. పడవలకు ఐసు ఉండదు."

"నేకపోతే నేదు. ఆవిడ బాగుపడ్డానికా నాను ఐసు సేత్తన్నాను? తెంపీమంటంటే."

యంత్రం దీపాలు ఆరి మళ్ళీ వెలిగాయి.

"క్షమించండి, లెక్క మళ్ళీ చూశాను. ఈ బేరంలో ఆమెకు నష్టమే."

"బాగానా?"

"తెలిస్తే ఆమెకు నిద్ర పట్టదు."

నూకరాజు నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు. "అలాగైతే ఉండనీ. వియ్యపురాలు గదా, పాపం."

సాయంత్రం పడవలు వచ్చాయి. ఐసు అందింది. ఆ రాత్రి నూకరాజు రెండు మార్లు అన్నం పెట్టించుకున్నాడు.

మర్నాడు హైమవతి యంత్రంలో నమోదైన మాటల్ని వింటూ ఒకచోట ఉలిక్కిపడింది. మోటార్లు నీరసించినప్పుడు ఎల్లాయమ్మ షెడ్డులో వేడి కూడా తగ్గిందట. ఆవిడా ఎదురు ఫ్యాక్టరీ వంక చూసిందట. ఆవిడా వచ్చి అదే అడిగింది. నష్టమంతా నూకరాజుదేనని యంత్రం ఆవిడకు చెప్పింది.

"అబద్ధమాడడం నీకు నేను నేర్పలేదే?" అంది హైమవతి.

"లేదండి. మొదట ఇద్దరికీ నిజమే చెప్పాను. ఇద్దరూ తెంపమన్నారు."

"మరి ఇప్పుడేమంటున్నారు?"

"ఒప్పందం పదేళ్ళకు పొడిగించమన్నారు. ఎదుటివాళ్ళ నష్టం తొందరగా తీరిపోకూడదట."

హైమవతి యంత్రాన్ని బాగుచెయ్యడానికి తెచ్చిన పనిముట్లను తిరిగి సంచిలో పెట్టుకుంది.

ఇందులో పదేళ్ళు అన్నది మాత్రం నా కల్పన. వాళ్ళు అడిగినన్నేళ్ళూ చెబితే మీరు నమ్మరని తగ్గించాను.