ఉక్కు చేతొడుగు

మంచుకొండల నడుమ వేల్మార్ రాజ్యంలో చావు గంటలు మోగడం మానేశాయి. చావులు ఆగి కాదు, గంట కొట్టేవాడూ పోయాడు. చంకల్లో నల్లటి గడ్డలు లేపే మహమ్మారి ఇంటింటికీ తిరుగుతోంది.

ఆ కొండల్లో కిరీటం పెట్టుకున్న ఏ రాజు వట్టి చేత్తో తాకినా రోగం నయమవుతుంది. కానీ ఆల్డ్రిక్ రాజు చేయి ఇప్పుడు వట్టిది కాదు. దేవుడికి మోకరిల్లి మొక్కాలా, నిలబడి మొక్కాలా అని నది ఆవలి రాడుల్ఫ్ రాజుతో ఆయనకు యుద్ధం. ఇంతకీ దేవుణ్ణి అడిగినవాడు లేడు! "నిలబడి మొక్కేవాళ్ళను తుడిచిపెట్టేదాకా ఈ ఉక్కు చేతొడుగు తీయను" అని చర్చిలో ఒట్టు పెట్టుకున్నాడు. వెంటనే ఉక్కు చర్మానికి అతుక్కుపోయింది. కమ్మరులు ఊడదీయబోతే రక్తం వచ్చింది.

ఆ చేతొడుగు లోపల మెత్తటి తోలు కుట్టింది గ్రేటా. ఇప్పుడు ఆమెకే గడ్డ లేచింది. భర్త యుద్ధంలోనే పోయాడు, మిగిలింది కూతురు ఇల్సా. తల్లి గుక్కెడు నీళ్ళు మింగలేకపోవడం చూసి, ఆమెను పక్కింటి అవ్వకు అప్పగించి, ఇల్సా అడవిలోని సన్యాసి దగ్గరకు పరుగెత్తింది.

కాలిపోయిన మఠంలో ఆయన ఒక్కడే ఉన్నాడు. "తల్లీ, రాజు చేతికి అతుక్కున్న ఆ తొడుగు మహమ్మారి వేసిన ముడి. ఆ చేయి ఎవరిని చంపాలనుకుందో వాళ్ళ చేయే దాన్ని విప్పాలి. రాడుల్ఫ్‌ను పిలుచుకురా. కానీ వంతెన మీద ఆమె కూర్చుని ఉంటుంది."

"ఎవరు తాతా?"

సన్యాసి తలుపు వేసుకున్నాడు.

అడవిలో కాకులు కూడా అరవడం లేదు. రౌతు లేని గుర్రమొకటి చాలా దూరం ఇల్సా వెనకే నడిచి, వంతెన కనిపించగానే వెనక్కి పారిపోయింది. వంతెన మీద నల్లముసుగు ముసలిది బండికి ఆనుకుని కూర్చుంది.

"ఏ పక్కదానివే పిల్లా?"

"మా అమ్మకు బాగోలేదు. దారి వదులు."

"వదులుతాలే. ఈ బండిలో మీ పీనుగులూ ఉన్నాయి, వాళ్ళవీ ఉన్నాయి. నీవాళ్ళను ఏరి పక్కన పెట్టు. తప్పావో, నువ్వూ బండెక్కుతావు."

ఇల్సా బండిలోకి తొంగిచూసింది. అందరి ముఖాలూ నల్లబడ్డాయి, అందరి నోళ్ళూ తెరుచుకునే ఉన్నాయి. ఒక పాప కొయ్యబొమ్మను ఇంకా వదల్లేదు. ఎవరు ఎలా మొక్కారో ఏ ముఖమూ చెప్పలేదు. ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది.

"ఏరడానికేం లేదు. అందరూ నావాళ్ళే. దించు, పూడ్చుకుంటాను."

ముసలిదాని నవ్వు ఆరిపోయింది. బండి కిర్రుమంటూ పక్కకు జరిగింది. "పో. ఆ రాజు రాకపోతే నీకు ఇందులో చోటుంచుతాను."

రాడుల్ఫ్ కొలువులో ఇల్సాను చూసి భటులు కత్తులు దూశారు. ఆమె చూపు మాత్రం రాజు చేతి మీదే ఉంది. అదీ ఉక్కే!

"మీరూ ఒట్టు పెట్టుకున్నారా ప్రభూ?"

లోపలి గదిలో పసివాడు మూలిగాడు. రాజు తల దించుకున్నాడు. "నా కొడుకు. తల నిమురుదామంటే ఈ చలి తగిలి ఏడుస్తున్నాడు." సన్యాసి మాట ఇల్సా చెప్పగానే ఆమె వెంట బయల్దేరాడు.

శత్రువు వచ్చాడని తెలిసి ఆల్డ్రిక్ కత్తితో వంతెన మీదికి దూకాడు. ఇల్సా ఇద్దరి మధ్యా నిలబడింది. "తర్వాత కొట్టుకు చద్దురుగాని, ముందు చేతులివ్వండి!"

రాడుల్ఫ్ చేతికీ ఉక్కే అతుక్కుని ఉండటం చూసి ఆల్డ్రిక్ కత్తి దించాడు. రాజులు ఒకరి చేయి ఒకరు పట్టుకుని లాగారు. రెండు తొడుగులూ ఊడి నదిలో పడ్డాయి. ముసలిది బండిని అక్కడే వదిలేసి పొగమంచులోకి నడిచింది. ఎటు పోయిందో చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

రాడుల్ఫ్ కొడుకు దగ్గరకు పరుగెత్తాడు. ఆల్డ్రిక్ గ్రేటాను తాకగానే గడ్డ కరిగింది. బండిలోని వాళ్ళందరినీ ఇరుపక్కల జనం కలిసి ఒకేచోట పూడ్చారు. రాజులు సంధి చేసుకుని, వంతెన మీద ఇల్సా మాటే చెల్లాలని శాసించారు.

చలికాలంలో ఆల్డ్రిక్ స్వయంగా గ్రేటా ఇంటికి వచ్చాడు. "చేతులు కొంకర్లు పోతున్నాయి గ్రేటా. ఉన్ని తొడుగులు కుట్టిపెట్టు."

గ్రేటా వేడి గంజి గిన్నె ఆయన చేతుల్లో పెట్టింది.

"ఇది పట్టుకోండి ప్రభూ, వెచ్చగా ఉంటుంది. ఆ చేతికి మాత్రం నేనింక ఏదీ తొడగను."