నేలమాళిగలో తడి వేళ్ళు

ఆ నిఘంటువు ఆఫీసు నేలమాళిగకి చెడ్డపేరుంది. పొద్దువాలాక దిగితే ఏదో తడితడిగా వచ్చి మెడ తడుముతుందట! ఆడవాళ్ళనే పట్టుకుంటుందట, మగవాళ్ళ జోలికి పోదట. దెయ్యానికి ఎంత మర్యాదో చూడండి.

అయినా పాత పుస్తకాలన్నీ ఉండేది అక్కడే. కావాలంటే కొత్తగా చేరిన పిల్లే దిగి తేవాలి — అదక్కడి ఆనవాయితీ.

ఈసారి వంతు, 'ఈరీ' అనే ఇంగ్లీషు మాటకి అర్థం రాస్తున్న అమ్మాయిది.

"గుబులు పుట్టించే చోటు అని రాసి పారెయ్యవే," అంది ప్రూఫులు దిద్దే అక్క. "మన కింది గదిలాంటిదని రాయి, సరిపోతుంది."

"మాట ఎక్కడ పుట్టిందో చూడొద్దా అక్కా? చూడకుండా రాస్తే అది నిఘంటువా, పుకారా?"

అక్క నవ్వలేదు. "తొందరగా వచ్చెయ్," అని గొణిగింది.

కింద చెమ్మ... బూజు... చీమిడి పూసినట్టు జిగటగా గోడలు. టార్చి వెలుగులో బరువైన పాత సంపుటం తెరిచింది. చదువుతూ నిలబడిపోయింది. ఆ మాట మొదట చోటుది కానే కాదు — మనిషిది! బెదురుగొడ్డుని అలా అనేవారట. ఇంకా పాత రూపంలో అయితే పిరికివాడనీ, నీచుడనీ కూడానట. కొన్ని వందల ఏళ్ళకి గానీ అది మనిషిని వదిలి గదులకీ దారులకీ అంటుకోలేదు.

ఎంత తెలివి! వణికేది మనిషి, నింద గోడకి.

అప్పుడే — మెడ మీద వెచ్చటి ఊపిరి.

పిప్పరమెంటు వాసన. ఆ వెనకే తడి వేళ్ళు... నత్తలా మెల్లగా కిందికి జారుతూ...

దెయ్యానికి పిప్పరమెంటు ఎందుకు?

గిర్రున తిరిగి సంపుటంతో ఒక్కటిచ్చింది. కుయ్యోమని కూలబడ్డాడు — పెద్దసారు, ఆఫీసంతటికీ పెద్ద! అడుగుల చప్పుడు కాకుండా బూట్లు విప్పి చంకలో పెట్టుకున్నాడు. గడ్డం మీద చొంగ.

"అరవకమ్మా... నా కూతురిలాంటిదానివి..."

"థూ!"

పరుగున మెట్లెక్కి తలుపు తోసింది. రాలేదు. బయట గడియ పెట్టి ఉంది.

"అక్కా, తలుపు తియ్! దెయ్యం లేదు, గియ్యం లేదు — పెద్దసారు!"

అవతల ఊపిరి వినిపించింది... ఒకరిది కాదు, చాలామందిది.

"తెలుసమ్మా," అంది అక్క గొంతు, మెల్లగా. "కాసేపు ఓర్చుకో. మేమందరం ఓర్చుకున్నాం."