కుడి చెప్పు

"ప్రొఫెసర్ తిరుపతిరావు బతికే ఉన్నాడు. రేపు పొద్దుటికల్లా దేశం దాటించేస్తారు," అన్నాడు చీఫ్ కృష్ణారావు ఎస్టీడీ ఫోన్‌లో. "మన నేవీ రాడార్ రహస్యమంతా ఆయన బుర్రలోనే ఉంది. ఈ రాత్రి హౌరా మెయిల్, ఎస్-సెవెన్. బ్లాక్ కోరల్ ముఠాలో చేరిన మన ఇందుమతి నీకు సాయం చేస్తుంది."

"కోడ్‌వర్డ్?"

"జీడిపప్పు పలాసదేనా, అని అడుగు. ఇంకా వేయించలేదు, అంటుంది."

ఏజెంట్ యువరాజు కాషాయం కట్టి, గడ్డం అతికించుకుని, ఉత్తకాళ్లతో రైలెక్కాడు.

లోయర్ బెర్త్ మీద దుప్పటి కప్పుకుని ప్రొఫెసర్ మత్తులో పడి ఉన్నాడు. ఎదుట ఇందుమతి. నల్లచీర, ఎర్ర లిప్‌స్టిక్, ఎత్తు మడమల చెప్పులు.

"జీడిపప్పు పలాసదేనా, తల్లీ?"

"ఇంకా వేయించలేదు. కూర్చోండి యువరాజుగారూ, గడ్డం ఎడంపక్క ఊడుతోంది." ఆమె గొంతు తగ్గించింది. "ప్రొఫెసర్ నడుముకి బెల్టు బాంబు ఉంది. రిమోట్ నా కుడి చెప్పు హీల్‌లో. మీరు అరిచినా, లేచినా గట్టిగా తొక్కుతా. నేనెవరి మనిషినో మీ చీఫ్‌కి తెలీదు పాపం!"

యువరాజు కదల్లేకపోయాడు. నెత్తిమీద మిడిల్ బెర్త్, కిటికీకి ఊచలు, అటూ ఇటూ ముఠా మనుషులిద్దరు. టీటీఈ వచ్చాడు, వెళ్లాడు. రైల్వే కానిస్టేబుల్ "స్వామీ, నా చెయ్యి చూస్తారా?" అని కూడా అడిగాడు. ఇందుమతి కుడి మడమ కాస్త పైకి లేచింది. "ఈ రోజు మౌనం నాయనా," అన్నాడు యువరాజు.

తెల్లారి యువరాజునీ వెంటబెట్టుకుని పలాసలో దిగారు. అక్కణ్ణుంచి జీపు.

"వంతెన మీద చెకింగుంది. బారువలో రేవు పడవ ఎక్కుతాం. అవతలి ఒడ్డున స్పీడ్‌బోటు," అంది ఇందుమతి.

బారువ పేరు వినగానే యువరాజు తల దించుకున్నాడు. అది అతని అమ్మమ్మగారి ఊరు. ఆ సంగతి ఇందుమతికి తెలీదు.

రేవులో ఎండుచేపల గంపలతో ఆడవాళ్లు పడవ నిండా ఉన్నారు. ముఠా మనుషులు బూట్లు ఒడ్డునే విప్పి, ప్రొఫెసర్‌ని మోసుకెళ్లి పడవలో పడుకోబెట్టారు. వెనకే ఇందుమతి కాలెత్తింది.

"ఓలమ్మో! సెప్పులతోటి ఎక్కేత్తన్నావేటి?" పడవ యజమానురాలు నూకమ్మ కేక పెట్టింది. "గంగమ్మ తల్లి మీద సెప్పుకాలెట్టేత్తావా? ఇప్పీ!"

"పేషెంటున్నాడు. అర్జెంటు!"

"అర్జెంటైతే బేగి ఇప్పు."

"చేత్తో పట్టుకుంటా."

"సేతిలో ఉన్నా సెప్పు సెప్పే. ఒడ్డునొదిలీ. అంతెత్తు సెప్పులు ఏ దొంగోడు తొడుక్కుంటాడే?"

ఆడవాళ్లంతా ఘొల్లున నవ్వారు. పడవ నడిపే గోవిందు గెడ కింద పెట్టేశాడు. "నాను తొయ్యనమ్మా. మా మావ ఓపాలి మరిసిపోయి సెప్పులేసుకెక్కితే వలంతా సినిగిపోనాది."

అవతల స్పీడ్‌బోటు రెండుసార్లు హారన్ కొట్టింది. ఇందుమతి పళ్లు కొరికింది. ఎడమ చెప్పు విప్పి పారేసింది. కుడికాలు ఎత్తి, ఒంటికాలి మీద ఊగుతూ, బకిల్ కోసం వంగింది. రాత్రంతా యువరాజు ఎదురుచూసింది ఈ క్షణం కోసమే.

ఒక్క దూకు దూకి ఆమె చీలమండ ఒడిసిపట్టాడు. ఇద్దరూ నీళ్లలో పడ్డారు. ఆమె హీల్‌ని పడవ అంచుకేసి కొట్టబోయింది. అంగుళం దూరంలో పట్టీ తెగి, చెప్పు అతని చేతిలోకి ఊడొచ్చింది.

"నూకమ్మత్తా! ఆళ్లు దొంగలే! పట్టుకోండి!"

ముఠావాడొకడు పిస్తోలు తీసేలోపే గోవిందు గెడ వాడి మోకాళ్లు విరగ్గొట్టింది. రెండోవాడి నెత్తిన ఎండుచేపల గంప బోర్లాపడింది. నలుగురాడవాళ్లు ఇందుమతి జుట్టు పట్టుకున్నారు.

యువరాజు ఆయాసపడుతూ ప్రొఫెసర్ దగ్గరకి వెళ్లాలని పడవ మీద చెయ్యి వేశాడు.

"ఓరి సన్నాసీ! నువ్వూ సెప్పట్టుకునే ఎక్కేత్తావేటిరా?" నూకమ్మ కళ్లురిమింది.

టెక్కలి నుంచి బాంబు స్క్వాడ్ వచ్చేదాకా, దేశాన్ని కాపాడిన ఏజెంట్ యువరాజు మొలలోతు నీళ్లలో, ఒక ఆడచెప్పు నెత్తికెత్తుకుని నిలబడే ఉన్నాడు.