బట్టకో పేరుంటుంది

బుధవారం మధ్యాహ్నం బడి లేదు. దెలాలి మంచం మీద బోర్లా పడుకుని, అమ్మ ఫోన్‌లో ఒక గౌనుకు చేతులు అతికిస్తోంది. ఆన్‌లైన్ ఆటలో అవతార్లకు బట్టలు కుట్టడమన్నమాట. సూదీ వద్దు, దారమూ వద్దు. వేలు గుచ్చుకునే భయం అసలే లేదు.

ఈ గౌను ఎసినామ్ కోసం. ఎసినామ్ పక్క వాటాలో ఉంటుంది, ఇద్దరిదీ ఒకే క్లాసు. ఎసినామ్ అవతార్ మాత్రం, ఆటవాళ్ళు మొదటిరోజు ఊరికే ఇచ్చిన బూడిదరంగు చొక్కాతోనే ఇంకా తిరుగుతోంది. పాపం, చూసేవాళ్ళకే జాలేస్తుంది.

అమ్మ పెట్టెలో ఒక నీలం బట్ట ఉంది. దాని నిండా పసుపుపచ్చ కుర్చీలు. ప్రతి కుర్చీ కిందా మగవాళ్ళ చెప్పుల జత. దెలాలికి అవి భలే ముద్దొచ్చాయి. ఫోటో తీసింది. ముడతలు చెరిపేసింది. కుర్చీ పక్కన కుర్చీ పేర్చుకుంటూ పోయింది. ముందు భాగమూ వెనక భాగమూ కలిసేచోట ఒక కుర్చీ సగానికి తెగిపోతే, విప్పి మళ్ళీ అతికించింది. లెక్కల హోంవర్కు ఇంత శ్రద్ధను ఎన్నడూ ఎరగదు.

‘పంపు’ అని నొక్కింది. గౌను వెళ్ళిపోయింది.

కాసేపటికి ఎసినామ్ అవతార్ కొత్త గౌనులో గిరగిరా తిరిగింది. గెంతింది. ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ తర్వాత మాయమైంది.

మర్నాడు ఎసినామ్ ఒక్కతే బడికి వెళ్ళిపోయింది. దెలాలి గేటు దగ్గర పరిగెత్తి పట్టుకుంది.

“ఏమైందే? గౌను నచ్చలేదా?”

“నాతో మాట్లాడకు. మా అమ్మ చూసింది. ఫోన్ లాగేసుకుంది. మీ ఇంటికి రావద్దంది.”

“నేనేం చేశానే?”

“నీకు తెలీదేంటి? ఆ బట్ట మీ ఇంట్లోదేగా!”

సాయంత్రం దెలాలి అమ్మకు గౌను చూపించింది. అమ్మ ముందు పకపకా నవ్వింది. ఎవరికి పంపిందో విన్నాక, ఆ నవ్వు ఎక్కడ దాచుకోవాలో తెలియక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“దీని పేరు తెలుసా నీకు?”

“బట్టకి పేరేంటమ్మా?”

“ఈ లోమే ఊళ్ళో పుట్టి అడగాల్సిన మాటేనా ఇది? మన సంతలో బట్టకో పేరుంటుంది. ఎవరిమీదైనా కోపమొస్తే మనం నోరు పారేసుకోం. సరైన పేరున్న బట్ట కట్టుకుని వాళ్ళ గుమ్మం ముందు నించి నడిచిపోతాం. అంతే.”

“మరి దీని పేరు?”

“‘మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు.’”

ఎసినామ్ వాళ్ళ నాన్న ఓడరేవులో పని దొరికిందని వేరే దేశంలోని లిబ్రవిల్ వెళ్ళాడు. మొదట్లో ఆదివారం ఆదివారం ఫోన్ చేసేవాడు. ఈ మధ్య ఆదివారాలు వస్తున్నాయి గానీ ఫోన్ రావడం లేదు.

“మరి నువ్వెందుకు కొన్నావమ్మా?”

“రంగు బాగుందని.” అమ్మ పైకప్పు వైపు చూసింది. “అప్పట్లో మీ మేనత్తకీ నాకూ పడేది కాదులే. అది వదిలెయ్. ఇప్పుడు వాళ్ళమ్మ, నేనే నీచేత పంపించాననుకుంటుంది.”

ఇచ్చిన కానుకను వెనక్కి తీసుకునే బటన్ ఆ ఆటలో లేదు. దెలాలి చెప్పులేసుకుని, అమ్మ ఫోన్ పట్టుకుని పక్క వాటాకు వెళ్ళింది.

ఎసినామ్ వాళ్ళమ్మ పొద్దున్నే అన్నం, అలసందలు వండి అమ్ముతుంది. ఇప్పుడు వాకిట్లో కూర్చుని పెద్ద గిన్నె తోముతోంది.

“ఏం, ఇంకో గౌను తెచ్చావా?” తల ఎత్తకుండానే అడిగింది.

“పిన్నీ, నాకు దాని పేరు తెలీదు. కుర్చీలు బాగున్నాయనుకున్నాను. పంపినట్టు అమ్మకి కూడా తెలీదు పిన్నీ, నేనే పంపాను.”

గిన్నె గరగరమంది.

“పేరడక్కుండా బట్ట ఎంచిన పిల్లని నిన్నే చూస్తున్నా. మీ అమ్మ చూసి నవ్విందా?”

దెలాలి అబద్ధం చెబుదామనుకుంది. కుదరలేదు. “ముందు నవ్వింది. ఎసినామ్‌కి పంపానని తెలిశాక నవ్వలేదు.”

“ఊఁ. అదీ మీ అమ్మ.” పిన్ని పెదవి ఒక పక్కకు కదిలింది.

దెలాలి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుంది. “ఈసారి నువ్వు చెప్పు పిన్నీ. ముందు పేరు చెప్పు. తర్వాతే గీస్తాను.”

గిన్నె చప్పుడు ఆగింది. ఎసినామ్ తలుపు చాటునుంచి తొంగి చూసింది.

“‘మేం బాగానే ఉన్నాం’,” అంది పిన్ని, గిన్నెతో చెప్తున్నట్టు.

“ఆ పేరుతో బట్ట ఉందా?”

“ఉంటే ఎప్పుడో కొనుక్కునేదాన్ని.”

“దాని మీద ఏం బొమ్మ వెయ్యాలి?”

“మేకలు!” తలుపు చాటునుంచే అరిచింది ఎసినామ్.

“మేకలెందుకే?”

“మేకలు ఎప్పుడూ బాగానే ఉంటాయిగా!”

పిన్ని ఫక్కున నవ్వింది. నవ్వి, కళ్ళు తుడుచుకుంది.

ఫోన్ మీదికి మూడు తలలు వంగాయి. ఆకుపచ్చ నేల మీద తెల్ల మేకలు వరసగా లేచాయి. గౌను తయారైంది. ఎసినామ్ “పంపు, పంపు!” అని తొందరపెట్టింది.

దెలాలి పంపలేదు. ఫోన్ పిన్ని వైపు తిప్పింది.

“పిన్నీ, ఎసినామ్ ఇది వేసుకోవచ్చా?”

పిన్ని చేతులు తుడుచుకుని ఫోన్ అందుకుంది. చాలాసేపు చూసింది.

“ఈ మేకకి గడ్డం ఏదీ?”

దెలాలి గడ్డం పెట్టింది. పెట్టి, మళ్ళీ అడిగింది.