అరవై నాలుగు అణువుల పెట్టె

రుద్రూర్ చెరకు తోటలో సైంటిస్ట్ పరమేశ్వర్ శవం దొరికింది. మెడలో బుల్లెట్. ఫోన్లో పంపకుండా ఆగిపోయిన మెసేజ్: ‘పెట్టె చిన్నదయ్యింది.’

"అది కంప్యూటర్లోని పెట్టె," అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్ దశరథం, ఫోన్లో ఏజెంట్ రవీందర్‌తో. "అందులో అరవై నాలుగు నీటి అణువులు. కుడి గోడ దాటిన అణువు ఎడమ గోడలోంచి మళ్లీ లోపలికొస్తుంది. అట్లా చిన్న పెట్టెతోనే అంతులేని నీటికి క్వాంటం లెక్క కడతాం. సబ్‌మెరైన్ రియాక్టర్ కూలింగ్ దాని మీదే నడుస్తుంది. లెక్క తప్పితే తొంభై మంది నావికులు ఉడికిపోతారు. పెట్టె అంచు 12.42 ఆంగ్‌స్ట్రామ్‌లు ఉండాలి. రన్ నాలుగింటికి. మొదలైతే ఆపలేం."

రవీందర్ ఏసీ మెకానిక్ వేషంలో బోధన్ చేరాడు. మూతబడ్డ చక్కెర మిల్లు వెనక గోదాములో సీక్రెట్ ల్యాబ్. మురిగిన మొలాసిస్ కంపు. దాని మీద ఖరీదైన సెంటు వాసన. సెంటు పరమేశ్వర్ అసిస్టెంట్ వర్షది. అందగత్తె. రెండు దేశాల ఉప్పు తింటోందని అనుమానం.

మూడు యాభై ఏడు. రవీందర్ ఐడీ కార్డు తీశాడు. వర్ష నవ్వి స్క్రీన్ తిప్పింది.

"మీరే చూడండి సార్, అంకె మారిందా?"

12.42. మారలేదు.

టీ తెచ్చిన వాచ్‌మన్ లింగం గొణిగాడు. ముప్పై ఏళ్లు ఒక సేటు దగ్గర పసుపు తూచి అమ్మినవాడు.

"అంకెదేమున్నది సారూ. మా సేటు అంకె మార్సకపోతుండె. తూకం రాయి మారుస్తుండె. పైన ఐదు కిలోలని రాసుంటది, లోపలంత బోలు."

రవీందర్ అంకె పక్కన చూశాడు. పొడవు యూనిట్: బోర్. ఉండాల్సింది ఆంగ్‌స్ట్రామ్. బోర్ అందులో దాదాపు సగం. మూడు వైపులా అంత నొక్కితే నీళ్లన్నీ ఏడో వంతు చోట్లో ఇరుక్కుంటాయి.

వర్ష లిప్‌స్టిక్ మూత తిప్పింది. అది పిస్టల్. లింగం పొగలు కక్కే టీ ఆమె చేతి మీద పోశాడు. బుల్లెట్ ఏసీలో దిగింది. రవీందర్ యూనిట్ మార్చి ఎంటర్ నొక్కాడు. నాలుగింటికి ఇంకొక్క సెకను ఉంది.

"పరమేశ్వర్ నీకు పని నేర్పాడు కదా?" అని వర్షను అడిగాడు.

"మంచోడే. ఆ రెండో దేశమోళ్లు దుబాయిల ఫ్లాట్ ఇస్తమన్నరు," అంది వర్ష.

ఆమెను ముట్టుకోవడానికే అతనికి అసహ్యమేసింది. తువ్వాలు అడ్డం పెట్టి బేడీలు వేశాడు.

"లింగానికి ఏం కావాలో అడుగు," అన్నాడు చీఫ్ ఫోన్లో.

"నాకేమొద్దు సారూ. గా సేటును గూడ పట్టుండ్రి."



"అది మన డిపార్ట్‌మెంట్ కాదు," అని చీఫ్ ఫోన్ పెట్టేశాడు.