కళ్ళు మూసుకున్న వీధి

ఎండలో చూపురేణువులు మెరుస్తున్నాయి. రోజూలాగే అరుగు మీద రాలిన వాటిని తడిగుడ్డతో తుడవబోయి గవరయ్య ఆగాడు. అరుగు మీద మనిషి పడి ఉన్నాడు.

కాకినాడ గాలి నిండా ఆ రేణువులే. ఒక్కొక్కటీ ఒక కన్ను. ఎవరు ఎవరిని తిట్టినా, ఎవరు ఏం మింగినా నగరపాలనకు తెలుస్తుంది. పడుకున్నవాడికీ ప్రాణం పోతున్నవాడికీ తేడా మాత్రం వాటికి తెలియదు. అది మనిషే చూడాలి, మనిషే పిలవాలి.

పడి ఉన్నది నూకరాజు. గవరయ్య భార్య, చనిపోయిన వరాలమ్మకు తమ్ముడు. పెదవులు నల్లబడ్డాయి. మెడ మీద రెండు హాయిపట్టీలు. నొప్పి తీసే నిషిద్ధపు మందు అది. మోతాదు మించితే ఊపిరి ఆపుతుంది. చంకలో గుడ్డసంచి.

నడుం నొప్పితో మెలికలు తిరుగుతున్న వరాలమ్మకు ఆ పట్టీ వేసింది వీడే. ఆవిడ ఊపిరి ఆగుతుంటే పారిపోయాడు. అప్పట్లో సాయానికి పిలిచినవాణ్ణీ జైల్లో వేసేవారు. రేణువులు ఇంకా రాలేదు, సాక్ష్యం లేదు. ముత్తైదువ చావుకు పుట్టింటి చీర రావాలి. అదీ రాలేదు. ఇంట్లో ఉన్న పాతచీర కప్పే పంపించాడు గవరయ్య.

ఇప్పుడు ఊరుకుంటే చాలు. భటులు వచ్చి పట్టీలతో సహా పట్టుకుంటారు. లేదా అప్పటికే పోతాడు. రెండూ గవరయ్యకు సమ్మతమే.

కానీ ఆ ముఖం ఆవిడదే. ఆ పెదవులు ఇంకోసారి నల్లబడటం చూడలేకపోయాడు.

"అభయం!" అని అరిచాడు.

అరుగు చుట్టూ ఒక వలయం మేర గాలిలో మెరుపులన్నీ ఒక్కసారిగా ఆరిపోయి బూడిదలా నేలకు దిగాయి. అంత పెద్ద నగరం ఈ ఒక్క అరుగు కోసం కళ్ళు మూసుకుంది. అభయం అన్నవాణ్ణీ, ఎవరి కోసం అన్నాడో వాణ్ణీ ఎవరూ ఏమీ అడగరాదని చట్టం. వలయంలో అన్న మాట ఏ న్యాయస్థానానికీ చేరదు. గవరయ్య తల ఎత్తాడు. ఆకాశం ఉత్త నీలంగా ఉంది.

ఆపదలో పిలిస్తే వచ్చే తెల్లటి మరపిట్ట, ఊపిరిపిట్ట దిగి, నూకరాజు ముక్కులో మందు చిమ్మి, రెక్కలతో ఛాతీ వత్తసాగింది.

వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. జనం పరుగున వచ్చి వలయంలో నిలబడ్డారు. సాయానికి కాదు. ఊళ్ళో ఎవరూ చూడని చోటు ఇదొక్కటే.

"నన్ను తిట్టవే కోడలా, మళ్ళీ ఎప్పుడు దొరుకుద్దో!" అంది ఎదురింటి మంగాయమ్మ.

"నోరు మూసుకోండత్తా, అవతల మనిషి పోతన్నాడు."

నూకరాజు దగ్గాడు. కళ్ళు తెరిచాడు.

"బావా... తలుపు కొట్టాలంటే భయమేసింది. ధైర్యానికి వేసుకున్నా. ఎక్కువైపోయింది."

"దేనికొచ్చావురా?"

"ఆ రోజు అక్కకి ఊపిరాడతల్లేదు. పిలిస్తే జైలని పారిపోయా."

ఇన్నేళ్ళూ గవరయ్య ఎదురుచూసిన మాట అదే. దొరికింది. ఎక్కడా చెల్లని చోట దొరికింది.

"ఆఖర్న ఏవంది?"

"బావని పిలవరా అంది."

మంగాయమ్మ నోరు నొక్కుకుంది. కోడలు తల దించుకుంది.

నూకరాజు సంచి ముందుకు తోశాడు. ఎర్రంచు పసుపుచీర. మడత విప్పలేదు. "అక్కకి తేవాల్సింది."

"కాల్చేశాక తెచ్చావా!"

మందు విరిగిన చలికి నూకరాజు పళ్ళు టకటకలాడుతున్నాయి. గవరయ్య చాలాసేపు చీర వైపే చూశాడు. తరవాత మడత విప్పి, వాడి మెడా భుజాలూ కప్పేలా బిగించి చుట్టాడు.

"అభయం ముగిసింది. ఇక్కడ ఏమీ జరగలేదు," అని ఊపిరిపిట్ట లేచిపోయింది.

"బావా, క్షమించావా?"

"లేదు. చలేస్తందని కప్పా."

రేణువులు మళ్ళీ గాలిలోకి లేచాయి. చావుకు తేవాల్సిన చీర కప్పుకుని అరుగు మీద వణుకుతున్న మనిషిని చూశాయి. వాటికి నేరమేదీ కనబడలేదు.